అనుభవం గల తువ్వాలు

ముందుగా క్షమించాలి. మనవలు అక్షరాలు దిద్దే వయసుకి వచ్చాక నేను దిద్దడం మొదలుపెట్టాను. ఒత్తులు జారి పక్క అక్షరం కింద పడుతుంటాయి. దీర్ఘాలు మరిచిపోతుంటాను. మా ఆయన పోయాక సాయంత్రం బడిలో చేరితే 'అ' గుండ్రంగా రావడానికే ఒక వానాకాలం గడిచిపోయింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. నెమ్మదిగా రాసిందని మాత్రం అనకండి. ఈ కథలో వచ్చే ఆఫీసుల పక్కన నిలబెడితే నేను గుర్రమెక్కి పోతున్నట్టే.

*

కెల్ల పైడితల్లికి బి.కాం.లో ఫస్టు క్లాసు వచ్చింది. ఆ రోజు వాళ్లమ్మ నీలమ్మ రొయ్యల కంపెనీ నుంచి ఇంటికి వచ్చి, మార్కుల కాగితాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే చూసింది. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచిన చేతులవి. వేళ్లు నాని తెల్లగా ఉబ్బి, గోళ్ల పక్కన చీలి ఉన్నాయి.

"నా సేతులు నీసు కంపు. కాగితం పాడైపోద్ది. నువ్వట్టుకో, నాను సూస్తాను" అంది.

పైడితల్లి పట్టుకుంది, నీలమ్మ చూసింది. ఆమెకి చదువు రాదు గనక చూడడం తొందరగానే అయిపోయింది. కానీ చూసినంతసేపూ నవ్వుతూనే ఉంది.

ఆ చేతులు ఐసులోంచి బయటికి రావాలంటే పైడితల్లికి ఉద్యోగం రావాలి. రాకపోతే ఏమవుతుందో కూడా ఇంట్లో తెలుసు. కంపెనీ మేస్త్రీ అప్పటికే నీలమ్మతో అన్నాడు: "నీ గుంటని కూడా అంపీ. మా కాడ అనుభవం అక్కర్లేదు. పది వేళ్లుంటే సాలు."

నీటి సరఫరా ఆఫీసులో కుళాయిల సెక్షనుకి గుమస్తా కావాలని ప్రకటన పడితే పైడితల్లి వెళ్లింది. వరండాలో ఒక ముసలావిడ, పేరు అప్పలనరసమ్మ, కిటికీలోంచి లోపలి కుర్చీకేసి రెండు చేతులూ ఎత్తి దండం పెడుతోంది. వీధిలో అందరిళ్లకీ కుళాయి వచ్చి తన ఇంటికి మాత్రం రాలేదని అర్జీ పెట్టుకుని, దాని వెంట తిరుగుతోంది. ఆ కుర్చీలో మనిషి లేడు. కుర్చీ వీపు మీద తువ్వాలు ఉంది.

"ఎవరికి మామ్మా దండం?" అని అడిగింది పైడితల్లి.

"గుమస్తా బావుకి. తువ్వాలుంది సూడు. ఆపీసుకొచ్చీసినాడన్నమాట. టీకి ఎల్లుంటాడు."

"ఎప్పుడెల్లాడు?"

"నాను తిరగడం మొదలెట్టిన కాడి నుంచీ టీకే ఎల్లున్నాడు తల్లీ."

లోపల సూపరింటెండెంటు మల్లికార్జునరావు గారు పైడితల్లి కాగితాలన్నీ చూశారు. చూసి, బాగున్నాయన్నారు. బాగున్నాయని చెప్పి తిరిగి ఇచ్చేశారు.

"అనుభవం?"

"లేదండి. ఇదే మొదటి ఉద్యోగం."

"మొదటి ఉద్యోగం కావాలంటే అంతకుముందు ఒక ఉద్యోగం చేసి ఉండాలమ్మా. నిబంధన స్పష్టంగా ఉంది. 'అనుభవము లేని వారిని తొలి నియామకమునకు పరిగణించరాదు.'"

"అనుభవం ఉంటే అది తొలి నియామకం ఎలా అవుతుందండీ?"

"ఆ సంగతి నిబంధనలో లేదు."

"మరి మీకు మొదటిసారి ఎలా వచ్చిందండీ?"

ఆయన కోప్పడలేదు. పాపం మంచివాడే. "మేం ఈ నిబంధన రాకముందు చేరాం. అప్పట్లో ఏ అనుభవమూ లేనివాళ్లని తీసేసుకునేవారు. అందుకే ఆఫీసులు ఇలా తయారయ్యాయి. అది గమనించే నిబంధన పెట్టాం" అన్నారు.

పైడితల్లి కుళాయిల సెక్షను వైపు చూసింది. "ఆ కుర్చీలో ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరు. ఆ ఖాళీకే కదా నిన్ను పిలిచింది."

"మరి తువ్వాలు?"

"ఖాళీగా ఉందని పబ్లిక్‌కి తెలిస్తే శాఖ పరువేం కాను? నువ్వు అనుభవం పట్టుకురా. కుర్చీ ఎక్కడికీ పోదు. తువ్వాలు కాపలా ఉంది."

*

పట్టాలు పుచ్చుకున్న పిల్లలు ఊరూరా ఇదే మొర పెట్టడంతో పైన ఉన్న పెద్దలు కూర్చుని ఆలోచించారు. నిబంధన తీసేస్తే పోతుంది కదా అని ఎవరో అన్నారట. దానికి తగిన అధికారి దొరకలేదు. నిబంధనలు పెట్టడంలో అనుభవం ఉన్నవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. తీసేసిన అనుభవం ఉన్నవాడు ఒక్కడూ లేడు. అనుభవం లేనివాడికి ఆ పని అప్పగించకూడదని నిబంధన.

అందుచేత నిబంధనని అలాగే ఉంచి, తొలి అనుభవ ప్రదాన కేంద్రం అని ఒకటి తెరిచారు. మూతబడిన సినిమా హాలు దానికి సరిగ్గా సరిపోయింది. టిక్కెట్లిచ్చే కన్నాలు అప్పటికే ఉన్నాయి. లోపలి మనిషికి బయటి మనిషి ముఖం కనబడకుండా, చెయ్యి మాత్రం దూరేలా కట్టినవి. అంతకన్నా మంచి కౌంటర్లు ఎవరు కట్టగలరు?

కేంద్రానికి డైరెక్టరు గంటి విశ్వేశ్వరం గారు. ఆయన మాటలు ఇంట్లోవాళ్లకే అర్థం కావని చెప్పుకునేవారు. మొదటి రోజు వేదిక ఎక్కి అన్నారు:

"శిక్షణార్థులారా! అనుభవమనునది పనిచేయుట వలన కలుగునని సామాన్యులు పొరబడుదురు. పనిచేయుట వలన కలుగునది అలసట. అనుభవము కుర్చీలో కాలము గడుపుట వలన మాత్రమే కలుగును. అయితే మనిషి సదా కుర్చీలో ఉండజాలడు. టీ ఉన్నది, భోజనమున్నది, పెండ్లిళ్లున్నవి. అట్టి సమయములందు ఆ అనుభవమును స్వీకరించి భద్రపరచునది ఏది?"

అని ఆయన పక్కన ఉన్న అద్దాల పెట్టె మీది తెర లాగారు.

లోపల ఒక కుర్చీ. కుర్చీ మీద ఒక తువ్వాలు. అది ఒకప్పుడు ఏ రంగుదో దేవుడికి తెలియాలి. మధ్యలో తల ఆనిన చోట నూనె మరక గుమ్మడికాయంత ఉంది.

"ఇది కీర్తిశేషులు సన్యాసిరావు గారి తువ్వాలు. ఆయన చేరిన దినమున కుర్చీపై వేసిరి. ముప్పై సంవత్సరములు ఒక్క దినమైనను సెలవు పెట్టలేదు."

"సన్యాసిరావు గారాండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"తువ్వాలు" అన్నారు డైరెక్టరు గారు. "ఆయన పదవీ విరమణ చేసిన పిమ్మట కూడా రెండు సంవత్సరములు ఆయన సీటులో ఉన్నారనియే అందరూ భావించిరి. ఫైళ్లు యథావిధిగా ఆగినవి. పబ్లిక్ యథావిధిగా తిరిగిరి. ఏ ఫిర్యాదూ లేదు. ఈ మరకను చూడుడు. ఇది తుఫాను సంవత్సరమున వరద సాయం ఫైలుపై ఆయన నిద్రించినప్పటిది. ఇట్టి అనుభవము మీకు కావలెనా, వద్దా?"

కావాలన్నారు పిల్లలు. ఉద్యోగం కావాల్సినవాళ్లు ఏమంటారు?

పైడితల్లితో సహా అందరికీ తలా ఒక కొత్త తువ్వాలు ఇచ్చారు. సగం మంది స్టాఫు బ్యాచి, సగం మంది పబ్లిక్ బ్యాచి. స్టాఫు వాళ్లు కన్నాల వెనక కూర్చుని "రేపు రండి" అనడం నేర్చుకోవాలి. పబ్లిక్ వాళ్లు కన్నాల ముందు నిలబడి బతిమాలడం నేర్చుకోవాలి. వారం మారితే బ్యాచి మారుతుంది. "రేపు రండి" అనడంలో కూడా తేడాలున్నాయి. తల ఎత్తకుండా అనేది ఒకటి, తల ఎత్తి మనిషిని కాక వాడి వెనక గోడని చూస్తూ అనేది ఒకటి. రెండోది రావాలంటే చాలా సాధన కావాలి.

పైడితల్లి బ్యాచిలో దాలినాయుడు అని ఒక కుర్రాడుండేవాడు. మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. వాడు పబ్లిక్‌గా నిలబడితే చూడాలి. మెడ ఒక పక్కకి వాల్చి, గొంతులో తడి తెచ్చి, "బావూ, మా ముసలోడు మంచమ్మీదున్నాడు బావూ" అన్నాడంటే కన్నం వెనక కూర్చున్న పిల్ల నిజంగానే ఏడ్చేసేది. వాళ్ల నాన్న అప్పుడే హాలు బయట వాడి కోసం మోటారు సైకిలు మీద ఎదురుచూస్తూ ఉండేవాడు.

డైరెక్టరు గారు వాడిని చూసి ముచ్చటపడి శాశ్వతంగా పబ్లిక్ బ్యాచిలోనే ఉంచేశారు.

"ఒరే, నీకు స్టాఫు అనుభవం రాదేమోరా" అంది పైడితల్లి.

"ఏటి సేస్తాం పైడీ" అన్నాడు దాలినాయుడు. "నాలుగేళ్లు ఇంజనీరింగు సదివినా ఎవుడూ బాగుందన్లేదు. ఈయనొక్కడే నాలో ఏదో ఉందన్నాడు."

*

కోర్సు సగానికి వచ్చేసరికి గ్రేడులివ్వడం మొదలైంది. డైరెక్టరు గారు కుర్చీ కుర్చీకీ వెళ్లి తువ్వాళ్లు తిప్పి చూసేవారు, వాసన చూసేవారు. ఎంత మురికి ఉంటే అంత అనుభవం. నల్లటి అంచుకి ఒక గ్రేడు, జిడ్డుకి ఒక గ్రేడు. టీ మరక ఉంటే ప్రత్యేక ప్రతిభ.

ఈ సంగతి బయటికి పొక్కింది. వారం తిరక్కుండా హాలు ఎదురుగా బడ్డీలు లేచాయి. "అనుభవం గల తువ్వాళ్లు ఇక్కడ దొరుకును" అని అట్ట ముక్కల మీద రాసి పెట్టారు. ఆటో వాడి తువ్వాలు ఒక ధర, వంట మాస్టరు తువ్వాలు ఇంకో ధర. లారీ క్లీనరు తువ్వాలుకి కొట్లాటలే. ఊళ్లో మంగలి షాపుల వాళ్లు కొత్త తువ్వాళ్లు కొనుక్కుని పాతవి బంగారంలా దాచుకున్నారు. కలిగినవాళ్ల పిల్లలు కొనుక్కున్నారు. లేనివాళ్లు రాత్రి తలకి ఆముదం పట్టించి తువ్వాలు చుట్టుకుని పడుకున్నారు.

పైడితల్లి తువ్వాలు మాత్రం మల్లెపువ్వులా ఉంది.

"ఇది ఏమి?" అన్నారు డైరెక్టరు గారు.

"ఆదివారం ఉతికానండి."

"ప్రతి ఆదివారమా?"

"అవునండి."

ఆమె కావాలని చేసింది కాదు. చిన్నప్పటి నుంచీ సాయంత్రమయ్యేసరికి నీసు కంపు కొట్టే అమ్మ బట్టలు ఉతికిన చేతులు. మురికి గుడ్డ కనబడితే వాటంతటవే బక్కెట్టు కోసం వెతుకుతాయి.

"వారం వారం నీ అనుభవమును నీవే కాలువలో కలుపుచున్నావు" అన్నారాయన బాధగా. "నీ రికార్డులో ఇంతవరకు ఒక్క దినమైనను సర్వీసు లేదు. నేను సర్టిఫికెట్టు ఎట్లు ఇవ్వగలను?"

పైడితల్లి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నీలమ్మ వేళ్లకి కొబ్బరి నూనె రాసుకుంటోంది. "మేస్త్రీ మళ్లీ అడిగినాడే. పై నెల నుంచి నిన్ను కూడా రమ్మంటన్నాడు. రెండు రోజులు నా పక్కన కూకుంటే ఒలవడం వొచ్చీస్తాది అన్నాడు" అని, నూనె గిన్నె పక్కన పెట్టి, "నాను మాత్రం ఒద్దన్నాను. ఇంక నీ ఇష్టం" అంది.

మర్నాడు పైడితల్లి డైరెక్టరు గారి గది ముందు నిలబడి ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగింది. దాలినాయుడి దగ్గర నేర్చుకున్న మెడ వాల్పు ఆమెకి సరిగా రాలేదు. మామూలుగానే అడిగింది. ఆ రోజు ఆయన ఉత్సాహంగా ఉన్నారు. కేంద్రం చూడడానికి పైనుంచి పెద్దాయన వస్తున్నాడు.

"సరే. సోమవారం సభలో అద్దాల పెట్టెలోని మూల తువ్వాలును వేదికపైకి తెచ్చు గౌరవం నీకిచ్చుచున్నాను. దానిని తాకిన కొంత అనుభవమైనను నీకు అంటకపోదు. శనివారమే తీసుకుని సిద్ధం చేయుము. పెద్దల ముందుకు పోవు వస్తువును ఎట్లు సిద్ధం చేయవలెనో నీకు వేరుగా చెప్పనక్కర లేదు గదా?"

చెప్పనక్కర లేదంది పైడితల్లి. పెద్దలు ఇంటికొస్తుంటే తువ్వాలుని ఏం చేస్తారో ఏ ఆడపిల్లకి తెలియదు?

*

ఆదివారం పొద్దున్న బక్కెట్టులో నానబెడితే నీళ్లు తారులా అయ్యాయి.

"ఒలే పైడీ, ఇది తువ్వాలా, సైకిలు సాపోడి గుడ్డా?" అంది నీలమ్మ.

"పెద్దాఫీసరుదే అమ్మా. అద్దాల పెట్టిలో పెట్టి దండం పెడతారు."

"దండం పెట్టేది ఎవుడైనా ఇలా ఉంచుతాడేటి? ఇలా తే, బండ మీదేసి నాను బాదుతాను."

"నువ్వు ముట్టుకోకు. సబ్బు తగిలితే నీ వేళ్లు మండుతాయి."

కూతురు ఉతికింది, తల్లి పక్కన కూర్చుని ఎక్కడ రుద్దాలో చూపించింది. గుమ్మడికాయంత మరక మొదట దోసకాయంత అయ్యింది, తర్వాత నిమ్మకాయంత అయ్యింది, తర్వాత లేదు. తుఫాను సంవత్సరం కూడా పోయింది. అసలు రంగు బయటపడింది. లేత పసుపు, అంచుకి ఎర్ర గీతలు. నీలమందు పెట్టి, ఆరేసి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేశారు.

సోమవారం సభ. హాల్లో ఉక్క. డైరెక్టరు గారు మైకులో "ముప్పై సంవత్సరముల అవిచ్ఛిన్న సేవకు ప్రతీక" అంటుండగా పైడితల్లి పళ్లెంలో తువ్వాలు పెట్టుకుని వేదిక ఎక్కింది. పైనుంచి వచ్చిన పెద్దాయనకి చెమటలు కారిపోతున్నాయి. ఎదురుగా పళ్లెంలో మడత పెట్టిన చలవ తువ్వాలు కనబడింది. చటుక్కున తీసుకుని ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, భుజాన వేసుకున్నాడు.

"ఎన్నో సభలకి వెళ్లాను. శుభ్రమైన తువ్వాలు ఇచ్చింది మీరేనయ్యా" అని డైరెక్టరు గారి వీపు తట్టాడు.

డైరెక్టరు గారు భుజం మీది ఎర్ర గీతల్ని చూశారు. పైడితల్లిని చూశారు. ఖాళీగా ఉన్న అద్దాల పెట్టెని చూశారు. ఆయన నోటి నుంచి మొదటిసారి ఇంట్లోవాళ్లకి అర్థమయ్యే మాట వచ్చింది.

"ఉతికేశావా!"

*

విచారణకి జిల్లా దాటి ఒక అధికారి వచ్చారు. తువ్వాలుకి లక్క ముద్ర వేసి బల్ల మీద పెట్టారు. అంతకు ముందు పెద్దాయన భుజం మీదనుంచి దాన్ని వెనక్కి తీసుకోవడానికే చాలా ఉత్తరాలు నడిచాయట. పైడితల్లిని ఎదురుగా నిలబెట్టారు.

"సదరు తువ్వాలునందు నిక్షిప్తమై ఉన్న ముప్పై సంవత్సరముల అనుభవమును సబ్బు, నీరు, నీలమందు ప్రయోగించి తొలగించినట్లు అంగీకరించుచున్నావా?" అన్నారు విచారణాధికారి.

"ఉతికానండి."

"బండపై బాదితివా?"

"మురికి పోవాలి కదండీ."

డైరెక్టరు గారు కళ్లు మూసుకున్నారు. విచారణాధికారి నిబంధనల పుస్తకం తెరిచి కొంతసేపు చదివి తల గోక్కున్నారు.

"చిక్కు వచ్చిందండీ. ఈమెను శిక్షించుటకు ఈమె ఉద్యోగి అయి ఉండవలెను. శిక్షణార్థిని శిక్షించుటకు నిబంధన లేదు."

"అయితే పంపివేయుడు" అన్నారు డైరెక్టరు గారు.

"పంపినచో శిక్ష ఎక్కడిది? బాధ్యులెవరూ లేకుండా ముప్పై సంవత్సరముల ప్రభుత్వ అనుభవం మాయమైనదని పైకి వ్రాసిన, మీ మీదికి వచ్చును."

డైరెక్టరు గారు కళ్లు తెరిచారు. "అయితే ఏమి చేయవలె?"

"ముందు నియమించవలె. నియమించి, వెంటనే సస్పెండు చేయవలె."

"నియమించుటకు అనుభవము ఉండవలె గదా! ఈమెకు ఒక్క దినమైనను లేదు. నేనే వ్రాసితిని."

ఇద్దరూ తువ్వాలుకేసి చూశారు. అది శుభ్రంగా, సబ్బు వాసన వేస్తూ, ఏమీ ఎరగనట్టు ఉంది. అప్పుడు విచారణాధికారి ముఖం వెలిగింది. ఆయన ఊరికే అంత పైకి రాలేదు.

"పోయిన అనుభవము ఎక్కడికో పోవలె గదా? నీటిలో కరుగునా? కరగదు. గాలిలో ఎగురునా? ఎగరదు. ఉతికినది ఎవరి చేతులు? వీరివి. అనగా సదరు ముప్పై సంవత్సరముల అనుభవము సదరు చేతులకు సంక్రమించినది. అక్రమముగా సంక్రమించినది. అయినను సంక్రమించినది!"

"నేనును అదియే అంటిని" అన్నారు డైరెక్టరు గారు. "తాకిన అంటునని."

పైడితల్లి తన అరచేతులకేసి చూసుకుంది. బండ గీసుకున్న గీత ఒకటి తప్ప ఏమీ కనబడలేదు.

ఆ మధ్యాహ్నమే మూడు కాగితాలు ఆమె చేతికి వచ్చాయి. కెల్ల పైడితల్లికి ముప్పై సంవత్సరముల అనుభవము కలదని ధ్రువీకరించే కాగితం ఒకటి. ఆ అనుభవం దృష్ట్యా ఆమెను కేంద్రంలో గుమస్తాగా నియమించే కాగితం ఒకటి. అంత అనుభవము ఉండి కూడా తువ్వాలు ఉతికినందుకు సస్పెండు చేసే కాగితం మూడోది. మూడింటి మీదా డైరెక్టరు గారి సంతకం, గుండ్రటి సీలు.

మెట్ల మీద దాలినాయుడు ఎదురయ్యాడు. వాడికి అర్జీదారుగా అనుభవం ఉందని సర్టిఫికెట్టు ఇచ్చి పంపేశారు.

"ఏటైనాది పైడీ?"

"ఉద్యోగం వచ్చింది. పోయింది."

"నీకు రెండూ అయిపోనాయి. నాకు మొదటిదే అవలేదు" అని నిట్టూర్చాడు. వాడి సంగతి చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. ఇప్పుడు వాడు ఆఫీసుల బయట కూర్చుని, బతిమాలడం రానివాళ్ల తరఫున లోపలికి వెళ్లి బతిమాలి వస్తున్నాడు. బాగానే గడుస్తోంది. వాళ్ల నాన్న ఇంకా మోటారు సైకిలు మీద తీసుకెళ్తున్నాడు.

*

పైడితల్లి మూడు కాగితాలూ పట్టుకుని తిన్నగా నీటి సరఫరా ఆఫీసుకి వెళ్లింది. వరండాలో అప్పలనరసమ్మ ఉంది. కిటికీలో కుర్చీ ఉంది, కుర్చీ మీద తువ్వాలు ఉంది.

"అనుభవం?" అన్నారు మల్లికార్జునరావు గారు తల ఎత్తకుండా.

ఆమె మొదటి కాగితం పెట్టింది. ఆయన చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"వయసు ఇరవై రెండు. అనుభవం ముప్పై ఏళ్లు?"

"సీలుందండి."

సీలు ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. ఆయన సర్వీసు ఇరవై ఎనిమిదేళ్లు. మెల్లగా కుర్చీలోంచి లేచారు.

"కూర్చోండి మేడమ్. మీరు నాకన్నా సీనియరు. ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నారు?"

"సస్పెన్షన్లో ఉన్నానండి."

ఆయన గౌరవం ఇంకా పెరిగింది. "ముప్పై ఏళ్ల సర్వీసులో ఒకసారైనా ఉంటుంది మేడమ్. లేకపోతేనే అనుమానించాలి. అయినా అది ఆ ఆఫీసు సస్పెన్షను. మనది వేరే శాఖ. వాళ్లు వదులుతారంటారా?"

వదిలారు. పైడితల్లిని తీసుకుపోతామని ఉత్తరం వస్తే డైరెక్టరు గారు జవాబు ఆ రోజే పంపించారు. అడిగిన రోజే ఆ కేంద్రం నుంచి వెళ్లిన జవాబు అదొక్కటే.

ఉద్యోగంలో చేరిన రోజు పైడితల్లి కుళాయిల సెక్షనులోకి వెళ్లి, కుర్చీ మీది తువ్వాలు తీసి, దాంతోనే కుర్చీ దులిపింది. దుమ్ము లేచి మల్లికార్జునరావు గారు తుమ్మారు.

"మేడమ్, అది తియ్యకూడదేమో..."

"నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉందండి."

ఆయన తుమ్ముకుంటూ తన సీటుకి వెళ్లిపోయారు. కిటికీ అవతల మాత్రం గగ్గోలు పుట్టింది.

"ఓలమ్మో! బావు ఎల్లిపోనాడా? బదిలీ అయిపోనాడా?"

"ఏ బావు మామ్మా?"

"తువ్వాలు బావు!"

"అతను లేడు. నేనున్నాను. లోపలికి రా. వచ్చి కూకో."

అప్పలనరసమ్మ లోపలికి వచ్చింది కానీ కూర్చోలేదు. ఇన్నాళ్లూ కిటికీ నుంచి చూడడమే. లోపల తనలాంటివాళ్లు కూర్చునే బల్ల కూడా ఉందని ఆమెకి తెలియదు. పైడితల్లి అర్జీల కట్ట దింపింది. అన్నిటికన్నా కింద ఆమెది ఉంది. చదివింది, సంతకం పెట్టింది, ఫిట్టరుని పిలిచి చేతికిచ్చింది.

"అయిపోయింది మామ్మా."

"ఏటి అయిపోనాది?"

"నీ పని."

ముసలావిడకి నమ్మకం కుదరలేదు. "అయితే రేపు రానా?"

"ఎందుకు? ఫిట్టరే నీ ఇంటికి వస్తాడు."

"రేపు రమ్మనకుండా పంపేస్తే ఎలాగే తల్లీ? నాకేదో భయంగా ఉంది" అని గొణుక్కుంటూ వెళ్లింది. గుమ్మం దాటాక, అలవాటు చొప్పున కిటికీ దగ్గర ఆగి కుర్చీకేసి దండం పెట్టింది. కుర్చీలోంచి మనిషి లేచి నిలబడి తిరిగి దండం పెట్టింది. ముసలావిడ ఉలిక్కిపడింది. తువ్వాలు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ఆ సాయంత్రం పైడితల్లి ఆ తువ్వాలుని ఇంటికి తీసుకెళ్లి ఉతికింది. మళ్లీ ఆఫీసుకి తీసుకెళ్లలేదు. అది ఇంట్లో దండెం మీదే ఉండిపోయింది. నెల జీతం వచ్చాక మేస్త్రీకి ఇంక రానని నీలమ్మ కబురు పెట్టింది. మేస్త్రీ పెద్దగా పట్టించుకోలేదు, పది వేళ్లు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వేళ్ల చీలికలు మానడానికి మాత్రం సమయం పట్టింది. మానిన రోజు నీలమ్మ వంట మధ్యలో లేచి వచ్చి, దండెం మీది తువ్వాలుకి రెండు చేతులూ తుడుచుకుని, వాసన చూసుకుని, చెయ్యి చాపింది.

"ఆ మార్కుల కాగితం ఏదే? ఇలా తే. నాను అట్టుకుంటాను."

ఇట్లు, బోని అప్పలనరసమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఉంటున్నది చింతలబడివలస, కొత్త వీధి. వీధిలో అన్నిటికన్నా ఆఖరున వచ్చిన కుళాయి మా ఇంటిదే. అదే గుర్తు.